సభామర్యాద నుంచి సంప్రదింపు దాకా: నిజాం రాష్ట్ర ఆంధ్రోద్యమంలో సమావేశ నిర్వహణ (1921–1944)

పరిశోధన సారాంశం

నిజాం రాష్ట్ర ఆంధ్రోద్యమ చరిత్రను భాషాభిమాన చరిత్రగా, గ్రంథాలయోద్యమ చరిత్రగా, రైతాంగ పోరాటానికి పూర్వరంగంగా పరిశోధకులు విస్తృతంగా చర్చించారు. ఆ ఉద్యమం ఒక సభలో జరిగిన అవమానంతో మొదలై, మరొక సభ నాటికి రెండుగా చీలింది. ఈ రెండింటి మధ్య అది నడిచిన తీరు ప్రధానంగా సభలు, సంఘాలు, తీర్మానాల రూపంలోనే సాగింది. ఎవరు మాట్లాడాలి, ఏ భాషలో మాట్లాడాలి, భిన్నాభిప్రాయాన్ని ఎక్కడ పరిష్కరించుకోవాలి అన్న ప్రశ్నలకు ఉద్యమ సంస్థలు ఇచ్చుకున్న సమాధానాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఆంధ్ర జనసంఘం, ఆంధ్ర మహాసభ, విషయనిర్ణయ సభ, సంప్రదింపు, సభాధ్యక్షత, మాడపాటి హనుమంతరావు, నారాయణగూడ.

1. ఉపోద్ఘాతం

పదిమంది కూడినచోట పని సాగాలంటే ఒక పద్ధతి ఉండాలన్న ఎరుక తెలుగు సమాజానికి కొత్తది కాదు. ఊరి రచ్చబండ, కులపంచాయతీ, దేవాలయ ధర్మకర్తల కూటమి వంటి వాటికి వాటి వాటి కట్టుబాట్లు ఉండేవి. అయితే వాటిలో మాటకు దక్కే విలువ మాట్లాడే మనిషి వయసును, కులాన్ని, ఆస్తిని బట్టి ముందే నిర్ణయమై ఉండేది. సభ్యత్వం, అధ్యక్షత, ప్రతిపాదన, సవరణ, ఓటు అన్న అంగాలతో కూడిన ఆధునిక సభ ఇందుకు భిన్నమైనది. సభ్యులందరి మాటకూ సూత్రప్రాయంగా సమాన స్థానం ఉంటుందని అది హామీ ఇస్తుంది. ఆ హామీ ఆచరణలో ఎంతవరకు నిలబడిందన్నదే అసలు ప్రశ్న.

సభానిర్వహణ శాస్త్రానికి మూలగ్రంథంగా ప్రసిద్ధమైన రాబర్ట్ నియమావళి పుట్టుక కూడా ఒక విఫల సభతో ముడిపడినదే. అమెరికా సైనిక ఇంజనీరు హెన్రీ మార్టిన్ రాబర్ట్ 1863లో న్యూ బెడ్‌ఫర్డ్ పట్టణంలో ఒక చర్చి సమావేశానికి అనుకోకుండా అధ్యక్షత వహించవలసి వచ్చింది. సభ అదుపు తప్పింది. ఆ పరాభవం ఆయనను సభానియమాల అధ్యయనానికి పురికొల్పగా, 1876లో ఆయన నియమావళి అచ్చయింది. హైదరాబాదులోనూ ఒక సభ అదుపు తప్పినందువల్లనే ఒక సంస్థ పుట్టింది. రాబర్ట్ అధ్యక్షపీఠం నుంచి పరాభవాన్ని చవిచూడగా, ఇక్కడ దానిని చవిచూసినవాడు వేదికపై నిలిచిన వక్త.

2. వివేకవర్ధిని సభ: ఒక వైఫల్యం స్వరూపం

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని పాఠశాల ఆవరణలో నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగింది. స్త్రీవిద్యకు జీవితాన్ని అంకితం చేసిన మహర్షి ధొండో కేశవ కర్వే అధ్యక్షులు. వక్తలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో ప్రసంగించారు. నవంబరు 12న న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు ఒక తీర్మానంపై తెలుగులో మాట్లాడడం ప్రారంభించగానే సభికులలో కొందరు గేలిచేస్తూ అల్లరి చేశారు. ఆయన ప్రసంగం సాగలేదు.

ఈ సంఘటనను భాషావమానంగా చెప్పడం చరిత్ర రచనలో స్థిరపడిన రీతి. అది సరైనదే. నిజాం రాజ్యంలో దాదాపు సగం జనం తెలుగువారు. పాలన, న్యాయస్థానాలు, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో నడిచేవి. రాజధానిలోని విద్యావంతుల ప్రజాజీవితంలో మరాఠీవారి ప్రాబల్యం అధికం. ఈ నేపథ్యంలో తెలుగు మాటకు వచ్చిన నవ్వు ఒక్క వ్యక్తిపై నవ్వు కాదు.

దీనినే సభానిర్వహణ దృష్టితో చూస్తే మరికొన్ని అంశాలు కనిపిస్తాయి. బహుభాషా రాజ్యంలో జరిగే సభకు భాషా నియమం స్పష్టంగా ఉండాలి. తెలియని భాషలో వక్త మాట్లాడినప్పుడు సారాంశాన్ని అనువదించి చెప్పే ఏర్పాటు ఉండాలి. వక్తకు అవకాశం ఇచ్చిన తరువాత ఆ అవకాశాన్ని కాపాడే బాధ్యత వేదికపై ఉన్నవారిది. సంస్కరణను కోరి వచ్చిన సభికులే, సంస్కరణ గురించి మాట్లాడబోయిన మనిషిని కూర్చోబెట్టారు. సభ ఆశయానికీ సభ నడిచిన తీరుకూ మధ్య ఉన్న ఈ ఎడం తరువాతి ఇరవై మూడేళ్ల ఉద్యమంలో వేర్వేరు రూపాల్లో తిరిగి తిరిగి ఎదురవుతుంది.

3. గదిలో కూర్చున్న సంఘం

ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట కొద్దిమంది తెలుగువారు సమావేశమై ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. 1922 ఫిబ్రవరి 24న కొండా వెంకట రంగారెడ్డి అధ్యక్షతన సంఘ సమావేశం జరిగింది. మాడపాటి హనుమంతరావు కార్యదర్శి అయ్యారు. 1901 నుంచి నగరంలో నడుస్తున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అప్పటికే తెలుగువారు కలుసుకునే చోటుగా ఉండడం ఈ కూడికకు భూమికను సిద్ధం చేసింది.

గమనించవలసినది వారు ఎంచుకున్న ప్రతిస్పందన. మరొక సభలో ఎదురు అల్లరి చేయడానికి గాని, బహిరంగ ఖండనకు గాని వారు పూనుకోలేదు. చిన్న కూటమిగా కూర్చుని, నియమాలు రాసుకుని, పనులను పంచుకున్నారు. గ్రంథాలయాలు, పఠనాలయాలు, పాఠశాలలు, తాళపత్ర శాసన సేకరణ వంటివి కార్యక్రమాలయ్యాయి. జిల్లాల్లోనూ ఇటువంటి సంఘాలు ఏర్పడడంతో వాటిని కలిపే ఆంధ్ర జన కేంద్ర సంఘం అవసరమైంది. దాని తొలి సమావేశం 1923 ఏప్రిల్ 1న హనుమకొండలో జరిగింది. తరువాతి కూడికలు నల్లగొండ, మధిర, సూర్యాపేటలకు వెళ్లాయి. చోటు మారడం వల్ల రాజధాని న్యాయవాదులు జిల్లాల సమస్యలను అక్కడివారి నోటనే వినే వీలు కలిగింది.

వెట్టిచాకిరి, వర్తకుల ఇబ్బందులు వంటి అంశాలపై కేంద్ర సంఘం చిన్న పుస్తకాలను ప్రచురించింది. ప్రభుత్వ ఉత్తర్వుల్లో ప్రజలకు అప్పటికే ఉన్న రక్షణలను తెలుగులో వివరించడం వాటి ప్రయోజనం. సంప్రదింపు ఫలించాలంటే పాల్గొనేవారందరి చేతిలో ఒకే సమాచారం ఉండాలి. ఉర్దూ ఉత్తర్వు చదవగల పటేలు, పట్వారీల ఎదుట దానిని చదవలేని రైతు కూర్చున్నంత కాలం వారిద్దరి మధ్య జరిగేది సంప్రదింపు అనిపించుకోదు. చిన్న పుస్తకాలు ఈ అసమానతను కొంతైనా తగ్గించాయి. సంఘానికి అనుబంధంగా పనిచేసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి ఆదిరాజు వీరభద్రరావు వంటి వారి కృషితో చేపట్టిన శాసన సేకరణ కూడా ఇటువంటి సమష్టి శ్రమకు నిదర్శనమే.

4. అనుమతి నీడలో మహాసభ

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. 1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు, 1934లో ఖమ్మంలో పులిజాల వెంకటరంగారావు, 1935లో సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావు, 1936లో షాద్‌నగర్‌లో కొండా వెంకట రంగారెడ్డి, 1937లో నిజామాబాదులో మందుముల నరసింగరావు అధ్యక్షత వహించారు. ప్రతి సభకు కొత్త అధ్యక్షుడు, కొత్త ఊరు, ఆ ఊరి ఆహ్వాన సంఘం ఉండడం స్థిరమైన సంప్రదాయమైంది.

గస్తీ నిషాన్ 53గా పేరుపడిన ప్రభుత్వ ఉత్తర్వు బహిరంగ సభలకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసింది. ఈ నిర్బంధం సభానిర్వహణపై రెండు విధాల ప్రభావాన్ని చూపింది. చర్చనీయాంశాలను ముందుగానే ఖరారు చేసుకుని, మాటను తూచి వాడే క్రమశిక్షణ నిర్వాహకులకు అలవడింది. అదే సమయంలో ప్రజలను అన్నిటికన్నా ఎక్కువగా బాధిస్తున్న భూమి, పన్ను, బాధ్యతాయుత ప్రభుత్వం వంటి విషయాలు చర్చ అంచులకు జరిగిపోయాయి. అధికారులను నొప్పించని వాక్యనిర్మాణం తీర్మానాల భాషకు లక్షణమైంది.

విషయనిర్ణయ సభ ఈ వ్యవస్థకు గుండెకాయ. జాతీయ కాంగ్రెసు సంప్రదాయంలో స్థిరపడిన ఈ అంగం, బహిరంగ సభకు రావలసిన తీర్మానాలను ముందుగా ప్రతినిధుల మధ్య చర్చకు పెడుతుంది. వాగ్వాదాలు, సవరణలు, రాజీలు ఇక్కడ ముగిశాక మిగిలినది వేలమంది ఎదుట వేదికకెక్కుతుంది. వేడి తగ్గించుకోవడానికి ఒక లోపలి గది ఉండడం సమూహానికి మేలు చేస్తుంది. కాని పందిరిలో ఉన్న సామాన్యుడికి ఆ గదిలో చోటు లేనప్పుడు, అతని పని చేతులెత్తడానికి, కరతాళధ్వనులకు పరిమితమవుతుంది.

5. పందిరిలో ఎవరికి చోటు?

జోగిపేట సభకు ఆదిహిందూ ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ హాజరైనప్పుడు సనాతనుల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. తెలుగు మాట్లాడినందుకు ఒకరికి వేదిక దక్కని సంఘటన నుంచి పుట్టిన సంస్థ, తొమ్మిదేళ్లు తిరిగేసరికి కులం కారణంగా మరొకరి ఉనికిని ప్రశ్నించే గొంతులను తన పందిరిలోనే వినవలసి వచ్చింది. వివేకవర్ధిని అనుభవం తెలుగువారికి తమ భాష హక్కును గుర్తుచేసింది. మాట హక్కు అందరిదన్న పాఠం మాత్రం ఒక్క అవమానంతో అందరికీ అందలేదు.

స్త్రీల విషయంలో మహాసభ మరొక మార్గం ఎంచుకుంది. ఆంధ్ర మహాసభతో పాటు ఆంధ్ర మహిళాసభ జరిగేది. జోగిపేటలో నడింపల్లి సుందరమ్మ, ఖమ్మంలో ఎల్లాప్రగడ సీతాకుమారి, సిరిసిల్లలో మాడపాటి మాణిక్యమ్మ, నిజామాబాదులో నందగిరి ఇందిరాదేవి అధ్యక్షత వహించారు. వేరు సభ ఉండడం వల్ల స్త్రీలకు అధ్యక్షపీఠం, ప్రతిపాదన, చర్చల అనుభవం ప్రత్యక్షంగా లభించింది. పురుషుల ఎదుట నోరు విప్పడానికి సంకోచించే కాలంలో ఇది చిన్న లాభం కాదు. అయితే ప్రధాన సభకు అధ్యక్షులైనవారందరూ పురుషులే. వేరు పందిరి స్త్రీలకు శిక్షణనిచ్చింది గాని, ప్రధాన పందిరి నిర్ణయాధికారంలో సమాన భాగాన్ని దానంతటది ఇవ్వలేకపోయింది.

6. చీలిక: సంప్రదింపు హద్దులు

1938లో స్టేట్ కాంగ్రెసును ప్రభుత్వం నిషేధించడంతో, తెలంగాణలో రాజకీయ ఆకాంక్షల భారమంతా ఆంధ్ర మహాసభపై పడింది. సంస్కరణవాదులు, జాతీయవాదులు, కమ్యూనిస్టు భావాల యువకులు ఒకే పందిరి కిందికి చేరారు. అయ్యంగారు సంఘం సిఫార్సుల ఆధారంగా 1939లో ప్రకటితమైన రాజ్యాంగ సంస్కరణలను ఆమోదించాలా, తిరస్కరించాలా అన్న అంశంపై 1940 మల్కాపురం సభ నాటికి అభిప్రాయభేదం బహిర్గతమైంది. 1941లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షులయ్యారు. ధర్మవరం (1942), హైదరాబాదు (1943) సభల్లో రెండు వర్గాల బలాబలాలు తేలుతూ వచ్చాయి. 1944లో మళ్లీ రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన భువనగిరి సభకు మితవాద, జాతీయవాద వర్గాలు దూరమయ్యాయి. సంస్థ రెండయింది.

సమావేశ నిర్వహణ సరిగా ఉంటే ఈ చీలిక తప్పేదని భావించడం అమాయకత్వమే అవుతుంది. జమీందారీ, దేశ్‌ముఖీ వ్యవస్థపై వైఖరి, యుద్ధకాలపు రాజకీయాలు వంటి మౌలిక విభేదాలు నియమావళితో కరిగేవి కావు. కాని ఒకటి గమనించాలి. అధ్యక్షపదవి క్రమంగా చర్చను నడిపించే బాధ్యతగా కాక, ఏ వర్గం గెలిచిందో చాటే చిహ్నంగా మారింది. అధ్యక్షుడు ఒక పక్షానికి సేనాని అయినప్పుడు, రెండు పక్షాలూ నమ్మి మాట్లాడుకోవడానికి మధ్యవర్తి మిగలడు.

సమూహాన్ని నడిపించే పనిని, సమూహం తరఫున నిర్ణయించే పనినుంచి వేరుచేసి చూడడం ప్రపంచవ్యాప్తంగా కూడా ఆ తరువాతి పరిణామమే. మనోవిజ్ఞాని కర్ట్ లెవిన్ 1946లో అమెరికాలోని కనెటికట్‌లో నిర్వహించిన కార్యశాల, 1947లో బెథెల్‌లో మొదలైన శిక్షణ శిబిరాలు ఈ అవగాహనకు శాస్త్రీయ రూపమిచ్చాయి. భువనగిరి నాటికి ఆ పరిభాష ఎవరికీ అందుబాటులో లేదు.

ఆధారాల విషయంలో కూడా ఒక పరిమితి ఉంది. మాడపాటి ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’, రావి నారాయణరెడ్డి, మందుముల నరసింగరావు, కొండా వెంకట రంగారెడ్డి జ్ఞాపకాలు వేర్వేరు పక్షాల నుంచి వచ్చినవి కనుక పోల్చి చదవడానికి ఉపకరిస్తాయి. అవన్నీ వేదికపై ఉన్నవారి రచనలు. పందిరి చివర కూర్చున్న రైతు ఆ తీర్మానాలను ఎలా విన్నాడో వాటి నుంచి నేరుగా తెలియదు.

7. ముగింపు

మాడపాటి కృషితో 1928లో మొదలైన తెలుగు మాధ్యమ బాలికల పాఠశాల నారాయణగూడలో నేటికీ ఆయన పేరుతో నిలిచి ఉంది. ఉర్దూ మాధ్యమం కాకపోవడంతో ఉస్మానియా గుర్తింపు దానికి అందలేదు. పరీక్షలకు పుణెలోని మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించవలసి వచ్చింది. ఆ విశ్వవిద్యాలయ స్థాపకులు కర్వే. 1921లో తెలుగు వక్తను గేలిచేసిన సభకు అధ్యక్షులైన కర్వే సంస్థే, తెలుగులో చదువుకున్న బాలికలకు పట్టం ఇచ్చే ఆధారమైంది.

ఆంధ్ర జనసంఘం పెద్దలు ఆ ఒక్క సాయంత్రాన్ని మనసులో పెట్టుకుని కర్వేతో తలుపులు మూసుకోలేదు. తమను నొప్పించిన సభనూ, ఆ సభ వెనుక ఉన్న ఆశయాన్నీ వారు వేరుచేసి చూడగలిగారు. భాగ్యరెడ్డి వర్మ విషయంలో సభికులందరూ, భువనగిరి నాటికి రెండు వర్గాలూ ఆ పని చేయలేకపోయాయి. తీర్మానాల పాఠాలతో పాటు, అవి ఏ గదిలో, ఏ భాషలో, ఎవరి సమక్షంలో రూపుదిద్దుకున్నాయో కూడా పరిశోధించినప్పుడే ఆంధ్రోద్యమ చరిత్ర సమగ్రమవుతుంది. జిల్లాల వారీగా ఆహ్వాన సంఘాల నివేదికలను, గోలకొండ పత్రికలోని సభా వార్తలను ఈ దృష్టితో తిరిగి చదవవలసి ఉంది.