రంగూన్ రేవులో మనోళ్లు: బయటోళ్లు వస్తే కూలి తగ్గుతుందా?

పోయిన వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, కర్నూల్లో ఏ బిల్డింగ్ దగ్గర చూసినా బీహార్ వాళ్లే. తక్కువ కూలికి ఒప్పుకుంటున్నారు, మా నాయనకు పని దొరకడం లేదు. దీని మీద వీడియో చెయ్యి." చేద్దాం. కానీ ముందు మా అమ్మ సంగతి చెప్పాలి.

మాది ఆదోని పక్కన పల్లె. వాన నమ్ముకుని పంట పెట్టేది, అది పోతే ఇంటికి తాళమేసి గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోయేది. మా వైపు దాన్ని సుగ్గికి పోవడం అంటాం. మా అమ్మ కూడా పోయింది. ఒకసారి బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంటుంటే ఆ ఊరి కూలామె అనిందంట: "మీరు దిగినాక కూలి పెంచమని అడిగే దారే లేకుండా పోయింది మాకు." అమ్మ ఏమీ మాట్లాడలేదంట. నాతో మాత్రం, "మేం పోకపోతే అన్ని కాయలు ఎవరు కోస్తారు అబ్బీ?" అనింది.

ఈ రెండు మాటల్లో ఏది నిజం? అది వెతుకుతూ పోయి నేను రంగూన్‌లో తేలాను.

1852లో ఇంగ్లీషు వాళ్లు దిగువ బర్మాను పట్టుకున్నారు. ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి పెట్టారు. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఆ బియ్యానికి యూరప్ దారి దగ్గరైంది. మరి మిల్లుల్లో, రేవులో మూటలు మోసేదెవరు? బర్మా రైతుకు డెల్టాలో పొలం ఉంది, అతనెందుకు వస్తాడు? అందుకని కాకినాడ, విశాఖపట్నం నుంచి మనోళ్లను స్టీమర్లలో ఎక్కించుకుపోయారు. కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరుతో అక్కడ వాళ్లను కోరంగీలు అన్నారు. తర్వాత తర్వాత అది తిట్టయింది. పోయినవాళ్లలో ఎక్కువ మంది కోస్తా వాళ్లే. మన కడప వాళ్ల దారి చాలా ఏళ్ల తర్వాత కువైట్ వైపు పడింది, అది ఇంకో ఎపిసోడ్.

1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు 10 లక్షల పైన. రంగూన్ నగరంలో అయితే సగానికి మించి మనోళ్లే. బర్మా రాజధానిలో బర్మా వాళ్లే తక్కువ మంది. ఒక్కసారి వాళ్ల వైపు నుంచి ఆలోచించండి.

ఇక్కడ మేస్త్రీ గురించి చెప్పాలి. రేవులో కూలీకి, కంపెనీకి నేరుగా సంబంధం లేదు. ఊర్లో అడ్వాన్స్ ఇచ్చేది మేస్త్రీ, తీసుకుపోయేది మేస్త్రీ, కంపెనీ ఇచ్చిన డబ్బులో తన వాటా కోసుకుని మిగిలింది చేతిలో పెట్టేదీ మేస్త్రీనే. అప్పు ఉంది కాబట్టి కూలీ నోరెత్తడు. మా ఐటీలో వెండార్, వెండార్ కింద సబ్‌వెండార్ అని ఉంటారు. నా మొదటి ఉద్యోగంలో క్లయింట్ నాకెంత కడుతున్నాడో చివరిదాకా నాకు తెలియలేదు. మేస్త్రీ చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చినట్టే అనుకోండి.

డెల్టాలో రోజులు మారాయి. చాలామంది రైతుల పొలాలు అప్పుల కింద పోతున్నాయి. 1930 వచ్చేసరికి ప్రపంచమంతా మాంద్యం, బియ్యం ధర పడిపోయింది. భూమి పోయిన బర్మా రైతు పని వెతుక్కుంటూ రంగూన్ వచ్చాడు. అదివరకు తనకు అక్కర్లేని మూట ఇప్పుడు కావాలి.

ఆ మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. తక్కువకే పనిచేస్తారని పేరుపడ్డ వలస కూలీలే ఎక్కువ అడిగారు, గమనించండి. ఓడలు ఆగకూడదు కాబట్టి సరుకు దించే కంపెనీలు బర్మా వాళ్లను పనిలో పెట్టుకున్నాయి. కొన్ని రోజులకు రాజీ కుదిరింది, మనోళ్లకు కొంత కూలి పెరిగింది, వెనక్కి పిలిచారు. మే 26 పొద్దున బర్మా కూలీలు మామూలుగా పనికి వచ్చారు. పని లేదు పొమ్మన్నారు. ఎగతాళి మాటలతో మొదలై, కొట్లాట ఊరంతా పాకింది. కొన్ని రోజుల్లో వంద మందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువగా మన తెలుగు కూలీలే. రెండు గుంపులనూ వాడుకున్న కంపెనీ ఆఫీసుల మీదికి మాత్రం ఎవరూ పోలేదు.

1938లో మళ్లీ గొడవలు. ఆ తర్వాత జేమ్స్ బాక్స్టర్ అనే అధికారిని విచారణకు వేశారు. ఆయన తేల్చింది ఏంటంటే, అంతవరకు భారతీయ కూలీలు ఎక్కువగా బర్మా వాళ్ల పని లాక్కోలేదు, వాళ్లు చెయ్యని పనే చేశారు. అంటే మా అమ్మ మాట. కానీ 1930లో రేవు దగ్గర నిలబడ్డ ఆ బర్మా కూలీకి ఈ లెక్క చెప్పి చూడండి! ఆ పూట అతను, మనోడు ఒకే మూట కోసం నిలబడ్డారు. అక్కడ గుంటూరు ఆమె మాటే నిజం.

ఈ వాదన ఇప్పటికీ తెగలేదు. 1980లో క్యూబా నుంచి సుమారు 1.25 లక్షల మంది కొన్ని నెలల్లోనే అమెరికాలో దిగారు. మయామీలో పనివాళ్ల సంఖ్య ఒక్కసారిగా 7 శాతం దాకా పెరిగింది. అక్కడివాళ్ల జీతాలు పెద్దగా తగ్గలేదని డేవిడ్ కార్డ్ 1990లో లెక్క చూపించాడు. 2021లో నోబెల్ వచ్చింది ఆయనకే. జార్జ్ బోర్హాస్ అనే ఇంకో ప్రొఫెసర్, తనే క్యూబాలో పుట్టినవాడు, అవే రోజుల లెక్కలు మళ్లీ తీసి, హైస్కూల్ కూడా దాటని మగవాళ్లకు జీతాలు బాగా తగ్గాయన్నాడు. సగటు చూస్తే ఒకటి కనపడుతుంది, అందరికంటే కింద ఉన్నవాణ్ని చూస్తే ఇంకోటి.

కాబట్టి తమ్ముడూ, మీ నాయన బాధ ఉత్తదని నేను చెప్పను. మేస్త్రీ పని చేసేవాళ్లకు, సెంట్రింగ్ వాళ్లకు, మట్టి మోసేవాళ్లకు ఒకే జవాబు ఉండదు. కానీ ఆ బీహార్ పిల్లోడు రేకుల షెడ్డులో పడుకుంటున్నాడు, వాడికీ ఊర్లో అడ్వాన్స్ ఉండొచ్చు. మా అమ్మ గుంటూరు చేలో గుడిసె వేసుకున్నట్టే.

కర్నూలు, కడప వైపు బిల్డింగ్ పని చేసేవాళ్లు చూస్తుంటే రెండు అంకెలు రాసి పంపండి: ఓనరు మనిషికి ఎంత ఇస్తున్నాడు, మీ చేతికి ఎంత వస్తోంది. వచ్చే వారం నేను కర్నూల్లో ఒక సైటు దగ్గరికి పోతున్నా. బీహార్ వాళ్లను కూడా ఇదే అడుగుతా, నాకొచ్చిన హిందీలో.