రాబర్ట్‌సన్‌పేట బట్టలంగడి: మనం రాసుకోని చరిత్ర

కోలారు బంగారు గనుల చరిత్ర రాసినవాళ్ళకు కొదవ లేదు. 1871లో మైకేల్ లావెల్ అనే మాజీ సైనికుడు బంగారం జాడ వెతుక్కుంటూ వచ్చింది మొదలు, 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగడం, 1902లో శివసముద్రం నుంచి కరెంటు తీగ లాగడం, చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు పోవడం, చివరికి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడడం, అన్నీ పుస్తకాలకెక్కాయి. సినిమా వచ్చాక సైనైడు దిబ్బల దగ్గర ఫోటోలు దిగేవాళ్ళూ ఎక్కువయ్యారు. ఇక్కడి పెద్దపల్లి రాళ్ళను భారత భూగర్భ సర్వే సంస్థ జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది కూడా. సంతోషమే. రాయికి గుర్తింపు దొరికింది. ఆ రాయి తవ్వినవాళ్ళకు పంచె, చీర అమ్మిన అంగడిని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

గనుల్లో పనికి ఉత్తర ఆర్కాటు, చిత్తూరు, సేలం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే వచ్చాయి. తడికెల గుడిసెల వరుసల్లో కిక్కిరిసి బతికారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మైసూరు ప్రభుత్వం గనుల పక్కన నేరుగా గీత గీసినట్టు వీధులు వేసి ఒక పేట కట్టింది. అప్పటి మైసూరు రెసిడెంటు డొనాల్డ్ రాబర్ట్‌సన్ పేరు దానికి పెట్టారు. బౌరింగ్ దొర పేరున్న బౌరింగ్‌పేట తరువాత బంగారుపేట అయింది గానీ, రాబర్ట్‌సన్ పేరు ఇప్పటికీ అలాగే ఉండిపోయింది. జీతం చేతికొచ్చిన రోజు ఈ పేట వీధులే గని కుటుంబాలకు సంత, తిరునాళ్ళు.

ఆ వీధుల్లోని పాత బట్టలంగడి చూడడానికి ఏమీ గొప్పగా ఉండదు. ముందు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. పైన మంగుళూరు పెంకు. షట్టర్లు రాకముందు పలకల తలుపులుండేవి: గాడిలో ఒక్కొక్క పలకా దించాలి, వరుస తప్పితే కూర్చోవు, అందుకే పలకల మీద నంబర్లు వేసేవాళ్ళు. ముందర అరుగు. అరుగంటే కూర్చోవడానికే అనుకుంటాం, బట్టలంగడికి దాని అవసరం వేరే ఉంది. లోపల ఎండ పడకూడదు, పడితే రంగు వెలిసిపోతుంది. నీడలో చూస్తే చీర అసలు రంగు తెలియదు. కాబట్టి కొనేవాళ్ళు చీర పట్టుకొని అరుగు మీదికొచ్చి, వెలుతురులో కొంగు పరిచి చూసేవాళ్ళు. లోపల తెల్లదుప్పటి పరిచిన గద్దె, పక్కన గల్లాపెట్టె, పద్దు పుస్తకం. చెమ్మ తగలకుండా గోడకు కొంచెం ఎడంగా చెక్క బీరువాలు. మిగిలిన తానులు అటక మీద. వెనకాల ఇల్లు. అంగడి మూసినా వ్యాపారం మూసినట్టు కాదన్నమాట, రాత్రి పూట చావుబట్ట కావాలని తలుపు తట్టినా లేచి ఇచ్చేవాళ్ళు.

ఇందులో ప్రతి వంకా బట్ట కోసమే ఏర్పడింది. కిరాణా అంగడి ఇలా ఉండదు, కంసాలి అంగడీ ఇలా ఉండదు.

నేతపని చేసిన మన ఇండ్లకు ఈ అంగళ్ళతో ఏం సంబంధం అని మన పిల్లలే అడుగుతున్నారు. తొగట, దేవాంగ, పద్మశాలి ఏ ఇంటివాళ్ళైనా ఒకసారి లెక్క చూసుకోండి. మనవాళ్ళు నేసిన ఇల్లు ఎక్కడైనా నిలిచి ఉందా? మట్టిగోడల ఇల్లు పోయింది. గుంట మగ్గం గుంత పూడ్చి, మీద బండలు పరిచేశాం. మగ్గం కర్ర పొయ్యిలోకి పోయింది. నేసిన బట్ట కట్టి చినిగిపోయింది. మనవాళ్ళ కష్టం డబ్బుగా మారిన చోటు, అంగడి మాత్రమే, ఇటుక సున్నంతో కట్టింది గనుక కొన్ని చోట్ల మిగిలింది. మన చరిత్రకు ఇప్పటికి సాక్ష్యం అదొక్కటే.

అంగడిని గుడి చేసి మాట్లాడుతున్నానని అనుకోవద్దు. నేసినవాడి కూలి తగ్గించిన చోటు కూడా అదే. ముందు నూలు అప్పిచ్చి, తరువాత బట్టకు తన ధర కట్టిన సాహుకారు ఆ గద్దె మీదే కూర్చున్నాడు. 1880లలో మొదలైన బెంగళూరు బిన్నీ మిల్లు బట్ట వచ్చి మన బట్ట పక్కనే బీరువాలో చేరింది, తరువాత దాన్ని పక్కకు నెట్టింది. ఇవన్నీ ఆ గోడల మధ్యనే జరిగాయి. మంచి జరిగిన చోటునే కాపాడాలంటే చరిత్రలో మిగిలేది కొంచెమే.

విలువ అంటే శిల్పం, గోపురం, రాజుగారి పేరు అని మనకు అలవాటైపోయింది. 1979లో ఆస్ట్రేలియావాళ్ళు రాసుకున్న బుర్రా చార్టరు కట్టడం అందంతో పాటు, దాని చరిత్రకూ, సమాజానికి దానితో ఉన్న బంధానికీ విలువ కట్టాలని చెప్పింది. మన దేశంలో 1958 చట్టం ప్రకారం ప్రాచీన కట్టడం అనిపించుకోవాలంటే కనీసం నూరేళ్ళు నిండాలి. రాబర్ట్‌సన్‌పేట తొలినాటి కట్టడాలకు ఆ వయసు వచ్చేసింది. అయినా ఇంత చిన్న అంగడిని చట్టం వచ్చి కాపాడుతుందని నేననుకోను. అన్నదమ్ముల పంపకం, రోడ్డు వెడల్పు, పైన రెండంతస్తుల ఆశ, వీటి ముందు ఏ కాగితమూ నిలవదు. గనులు మూతపడ్డాక తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పనికి పోయే జనం బట్టలూ అక్కడే కొంటున్నారు. అంగడివాళ్ళకు బాడుగ రావాలి కదా. పాతదాన్ని పాతదిగానే ఉంచు అని ఊరికే ఉపన్యాసం చెప్పడం న్యాయం కాదు.

మైసూరులో ఏం జరిగిందో చూశాం. లాన్స్‌డౌన్ బిల్డింగు అంగళ్ళు మరమ్మతు లేక 2012లో కొంత కూలి నలుగురి ప్రాణాలు తీశాయి. 2016లో దేవరాజ మార్కెట్టు ఉత్తరపు ద్వారం పడిపోయింది. ఆ తరువాత కూల్చాలా, నిలపాలా అని ఏళ్ళ తరబడి వాదనే. కారే పెంకును సరైన వేళకు మార్చి ఉంటే ఖర్చు వేలల్లో పోయేది. హైదరాబాదు మొజంజాహీ మార్కెట్టు మాత్రం వేరు దారి పట్టింది. 1935 నాటి ఆ రాతికట్టడాన్ని బాగుచేసి 2020లో మళ్ళీ తెరిచారు. పళ్ళు, ఐస్‌క్రీములు ఇప్పటికీ అక్కడే అమ్ముతున్నారు. వ్యాపారం సాగుతూనే కట్టడం నిలిచింది. అంత సర్కారు డబ్బు మన చిన్న అంగడికి రాదు, తెలుసు.

అందుకే మన చేతిలో ఉన్న పని చెబుతాను. ఈ సంచిక కాగితం మీద కాదు, ఫోన్‌లో చదువుతున్నారు. అదే ఫోన్‌తో పని జరుగుతుంది. కోలారు, బంగారుపేట, ముళబాగిలు, రాబర్ట్‌సన్‌పేటల్లో మనవాళ్ళ చేతిలోనో, మనకు తెలిసినవాళ్ళ చేతిలోనో ఉన్న పాత బట్టలంగడి పగలగొట్టేముందు ఒక్క పూట ఆగమనండి. ముందరి వెడల్పు, లోపలి పొడవు, అరుగు ఎత్తు టేపు పట్టి కొలవండి. పలకలు వాటి నంబర్ల వరుసలో గోడకు ఆనించి ఫోటో తీయండి. గద్దె, గల్లాపెట్టె, అటక కూడా. పద్దు పుస్తకాలు తూకానికి అమ్మకండి. తెలుగులోనో, కన్నడంలోనో, అరవంలోనో ఉంటాయి, ఏ ఊరి నుంచి ఎన్ని చీరలు, ఏ ధరకు వచ్చాయో వాటిలోనే ఉంటుంది. ఒక్కొక్క పేజీ వెలుతురులో ఫోటో తీసి, అప్పున్నవాళ్ళ పేర్లు బయటపెట్టకుండా, సమాఖ్య దగ్గర దాచిపెడదాం. చెదలు పట్టిన పుస్తకమైతే ముందు విప్పకండి, అట్ట కింద గట్టి కాగితం పెట్టి ఎత్తండి.