రేంజ్‌ఫైండర్ కెమెరా

రేంజ్‌ఫైండర్ కెమెరా అనగా ఫోటో తీయదలచిన వస్తువు ఎంత దూరంలో ఉన్నదో కొలిచే దృక్ సాధనాన్ని తనలో ఇముడ్చుకొన్న కెమెరా. ఈ సాధనానికే రేంజ్‌ఫైండర్ అని పేరు. దీనిలో ఛాయాగ్రాహకుడు కటకం గుండా కాక, దాని పైభాగాన ఉండే ప్రత్యేకమైన గవాక్షం గుండా దృశ్యాన్ని చూస్తాడు. 1930ల నుండి 1950ల చివరి వరకు పత్రికా ఛాయాగ్రాహకులలో ఈ కెమెరాలకు విశేషమైన ఆదరణ ఉండేది. తరువాత ఎస్సెల్లార్ కెమెరాలు, వాటి తరువాత డిజిటల్ కెమెరాలు వీటి స్థానాన్ని ఆక్రమించాయి. అయినప్పటికీ ఫిల్ముతో పనిచేసే రేంజ్‌ఫైండర్ కెమెరాలను ఇష్టపడి వాడేవారు నేటికీ అనేక దేశాలలో ఉన్నారు.

పనిచేసే విధానం

మనిషి రెండు కన్నులతో దూరాన్ని గ్రహించే పద్ధతే ఈ కెమెరాకు ఆధారం. బొటనవ్రేలిని ముఖానికి ఎదురుగా నిలిపి, ఒక కన్ను మూసి ఒక కన్ను తెరచి మార్చి మార్చి చూస్తే, వ్రేలు వెనుకనున్న గోడపై పక్కకు జరిగినట్లు కనిపిస్తుంది. వ్రేలు దగ్గరగా ఉంటే ఎక్కువ, దూరంగా ఉంటే తక్కువ జరుగుతుంది. ఈ జరుగుబాటును కొలిస్తే త్రిభుజ ధర్మాలను అనుసరించి దూరం తెలుస్తుంది.

రేంజ్‌ఫైండర్ కెమెరా ముందుభాగాన రెండు గవాక్షాలు ఉంటాయి. పెద్ద గవాక్షం నుండి వచ్చే కాంతి, సగం కాంతిని పోనిచ్చి సగం పరావర్తనం చేసే దర్పణం గుండా నేరుగా కంటిని చేరుతుంది. చిన్న గవాక్షం నుండి వచ్చే కాంతి మరొక దర్పణం లేదా పట్టకంపై పడి, పరావర్తనం చెంది, మొదటి దర్పణం ద్వారా కంటికి అందుతుంది. అందువలన దృశ్యం నడుమ చిన్న ప్రకాశవంతమైన భాగంలో రెండు ప్రతిబింబాలు కనిపిస్తాయి. కటకపు వలయాన్ని తిప్పినపుడు, కటకం వెనుక భాగం కెమెరాలోని చిన్న మీటను కదుపుతుంది. ఆ మీట రెండవ ప్రతిబింబాన్ని పక్కకు జరుపుతుంది. రెండు ప్రతిబింబాలు ఒకదానిపై ఒకటి సరిగా కలిసిన క్షణాన కటకం ఆ వస్తువుపై నాభీకరించబడినట్లు లెక్క.

రెండు గవాక్షాల నడుమ దూరాన్ని ఆధార దూరం అంటారు. దీనిని వ్యూఫైండర్ వృద్ధీకరణతో గుణిస్తే ప్రభావ ఆధార దూరం వస్తుంది. లైకా ఎం3 కెమెరాలో ఆధార దూరం 68.5 మి.మీ., వృద్ధీకరణ 0.91 కనుక ప్రభావ ఆధార దూరం సుమారు 62 మి.మీ. ఈ విలువ ఎంత ఎక్కువగా ఉంటే కొలత అంత సూక్ష్మంగా ఉంటుంది.

చరిత్ర

దూరాన్ని కొలిచే ఇటువంటి సాధనాలను కెమెరాల కంటె ముందే సైన్యాలలోను, నౌకాదళాలలోను ఫిరంగుల గురి కోసం వాడేవారు. కటకంతో అనుసంధానించిన రేంజ్‌ఫైండర్‌ను 1916లో కొడాక్ సంస్థ తన 3ఏ ఆటోగ్రాఫిక్ స్పెషల్ కెమెరాలో ప్రవేశపెట్టింది. అయితే అది పెద్ద ఫిల్మును వాడే మడత కెమెరా.

జర్మనీలోని వెట్జ్‌లార్ పట్టణంలో ఎర్నెస్ట్ లైట్జ్ సంస్థలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్, సినిమా ఫిల్మును వాడే చిన్న కెమెరాను రూపొందించాడు. ఇది 1925లో లైప్‌జిగ్ సంతలో లైకా పేరుతో ప్రదర్శించబడింది. లైట్జ్, కెమెరా అను రెండు పదాల మొదటి అక్షరాలతో ఈ పేరు ఏర్పడింది. తొలి లైకాలో రేంజ్‌ఫైండర్ లేదు. దూరాన్ని ఊహించి కటకాన్ని సరిచేసుకోవలసి వచ్చేది. 1932లో వెలువడిన లైకా 2లో ఈ లోపం తీరింది. అదే సంవత్సరం జైస్ ఐకాన్ సంస్థ కాంటాక్స్ కెమెరాను విడుదల చేసింది. 1936 నాటి కాంటాక్స్ 2లో దృశ్యాన్ని చూడడం, దూరాన్ని కొలవడం ఒకే గవాక్షంలో సాధ్యమైంది. లైకాలో ఈ సౌకర్యం 1954లో ఎం3 నమూనాతో వచ్చింది. ఎం3 కోసం రూపొందించిన కటకపు బిగింపు నేటి లైకా ఎం కెమెరాలలో కూడా కొనసాగుతున్నది. అందువలన 1954 నాటి కటకాన్ని నేటి కెమెరాకు తగిలించవచ్చు.

సోవియట్ యూనియన్‌లో ఈ కెమెరాల తయారీ ఒక విద్యా ప్రయోగంతో ముడిపడి ఉన్నది. ప్రసిద్ధ విద్యావేత్త ఆంటన్ మకరెంకో నాయకత్వంలో ఖార్కివ్ నగరంలో అనాథ బాలల కొరకు నడిచిన ఒక కమ్యూనులో, లైకాను అనుసరించి ఫెడ్ అను కెమెరా తయారీ 1934లో మొదలైంది. బాలలు చదువుతోపాటు కర్మాగారంలో పనిచేసేవారు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం కాంటాక్స్ యంత్రసామగ్రి జర్మనీ నుండి సోవియట్ యూనియన్‌కు తరలింది. దానితో కీవ్ నగరంలోని ఆర్సెనల్ కర్మాగారంలో కీవ్ కెమెరాలు తయారయ్యాయి.

జపానులో 1936లో హన్సా కేనన్, 1948లో నికాన్ 1 వచ్చాయి. 1950లో కొరియా యుద్ధాన్ని చిత్రించిన డేవిడ్ డగ్లస్ డంకన్ తన లైకాలకు జపాను తయారీ నిక్కార్ కటకాలను అమర్చుకొని వాడడంతో వాటి నాణ్యత పాశ్చాత్య దేశాలకు తెలిసింది. 1959లో నికాన్ సంస్థే విడుదల చేసిన నికాన్ ఎఫ్ అను ఎస్సెల్లార్ కెమెరా విజయంతో రేంజ్‌ఫైండర్ల క్షీణత ఆరంభమైంది. 1960, 1970 దశకాలలో కేననెట్, యాషికా ఎలక్ట్రో 35 వంటి, కటకం మార్చ వీలులేని చవక రేంజ్‌ఫైండర్లు కుటుంబ కెమెరాలుగా అమ్ముడయ్యాయి. 1977లో కోనికా సి35 ఏఎఫ్ రాకతో కెమెరాయే స్వయంగా నాభీకరించుకొనే సదుపాయం సామాన్యులకు అందింది. ఆపైన ఈ కెమెరాల అవసరం కూడా తగ్గిపోయింది.

ఎస్సెల్లార్ కెమెరాతో పోలిక

ఎస్సెల్లార్ కెమెరాలో కటకం వెనుక ఒక దర్పణం ఉంటుంది. ఫోటో తీసే క్షణాన అది పైకి లేస్తుంది. ఆ క్షణంలో దృశ్యం కంటికి కనిపించదు. రేంజ్‌ఫైండర్‌లో ఈ దర్పణం లేనందున క్రింది లాభాలు కలుగుతాయి.

* కెమెరా చిన్నదిగా ఉంటుంది. షట్టర్ శబ్దం, కుదుపు తక్కువ.
* ఫోటో తీసే క్షణంలో కూడా దృశ్యం కనిపిస్తూనే ఉంటుంది. చట్రం హద్దులను చూపే వెలుగు గీతలకు వెలుపల ఉన్నవి కూడా కనిపిస్తాయి కనుక, చిత్రంలోకి రాబోతున్న మనిషిని ముందుగానే గమనించవచ్చు.
* కటకాన్ని ఫిల్ముకు దగ్గరగా అమర్చవచ్చు. లైకా ఎం కెమెరాలో కటకపు బిగింపునకు, ఫిల్ముకు నడుమ దూరం 27.8 మి.మీ.; నికాన్ ఎఫ్‌లో 46.5 మి.మీ. ఇందువలన విశాల దృశ్య కటకాలను చిన్నవిగా రూపొందించడం సులభం.
* మసక వెలుతురులో కూడా రెండు ప్రతిబింబాల కలయికను గుర్తించడం తేలిక.

నష్టాలు కూడా ఉన్నాయి. కన్ను చూసే స్థానం, కటకం చూసే స్థానం వేరు కావడం చేత దగ్గరి వస్తువుల చిత్రాలలో హద్దులు కొంత తప్పుతాయి. పూవులు, కీటకాలు వంటి వాటిని అతి సమీపం నుండి తీయడానికి ఇది పనికిరాదు. ఎం తరగతి కటకాలలో అనేకం 0.7 మీటరుకు లోపల నాభీకరించబడవు. 135 మి.మీ. కంటె ఎక్కువ నాభ్యంతరం గల కటకాలకు కొలతలో సూక్ష్మత చాలదు. కనుక పక్షుల, క్రీడల ఛాయాగ్రహణానికి ఎస్సెల్లారే తగినది. కటకపు మూత తీయకపోయినా వ్యూఫైండర్‌లో దృశ్యం చక్కగా కనిపిస్తుంది. ఈ కారణంగా ఫిల్ము మొత్తం ఖాళీగా పోయే ప్రమాదం ఉన్నది.

ప్రసిద్ధ ఛాయాగ్రాహకులు

ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్టియర్ బ్రెస్సాన్ తన జీవితకాలంలో అధిక భాగం లైకానే వాడాడు. ఆయన 1948 జనవరి 30న మహాత్మా గాంధీని కలిసిన కొద్దిసేపటికే గాంధీజీ హత్య జరిగింది. ఆ రాత్రి ఢిల్లీ దుఃఖాన్ని, అంత్యక్రియలను ఆయన చిత్రించాడు. రాబర్ట్ కాపా 1944లో నార్మండీ తీరంలో సైన్యం దిగడాన్ని కాంటాక్స్ కెమెరాలతో చిత్రించాడు. నేటికీ గోడపత్రాలపైన, చొక్కాలపైన కనిపించే చే గువేరా చిత్రాన్ని ఆల్బెర్టో కోర్డా 1960 మార్చి 5న హవానాలో లైకా ఎం2తో తీశాడు.

డిజిటల్ యుగంలో

తొలి డిజిటల్ రేంజ్‌ఫైండర్ అయిన ఎప్సన్ ఆర్-డి1 2004లో వెలువడింది. 2006లో లైకా ఎం8, 2009లో పూర్తి పరిమాణపు సెన్సార్ గల లైకా ఎం9 వచ్చాయి. ఇదే కాలంలో ఫిల్ము పరిశ్రమ కుంచించుకుపోయింది. కొడాక్ సంస్థ 2009లో కొడాక్రోమ్ ఫిల్మును నిలిపివేసి, 2012లో దివాలా రక్షణ కోరింది. భారతదేశంలో 1960లో స్థాపించబడి, ఇందు పేరుతో నలుపు తెలుపు ఫిల్ము తయారుచేసిన ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థ కూడా మూతపడింది. అయితే ఫిల్ము పూర్తిగా కనుమరుగు కాలేదు. 2018లో ఎక్టాక్రోమ్ ఫిల్ము తిరిగి మార్కెట్టులోకి వచ్చింది. 2014లో లైకా సంస్థ బ్యాటరీయే అవసరం లేని ఎం-ఏ అను ఫిల్ము కెమెరాను తెచ్చింది. 1984 నాటి ఎం6 నమూనాను 2022లో మళ్ళీ విడుదల చేసింది.

డిజిటల్ కెమెరా మసక వెలుతురులోను, వేగంలోను, ఖర్చులోను ఫిల్ము కంటె ఎంతో ముందున్నది. ఫిల్ము రేంజ్‌ఫైండర్ వాడేవారు ఆశించేది వేరు. ఒక చుట్టలో 36 చిత్రాలే ఉంటాయి. తీసిన చిత్రాన్ని వెంటనే చూడడం కుదరదు. దూరం, వెలుతురు స్వయంగా నిర్ణయించుకోవాలి. ఈ పరిమితులే చూపును పదును పెడతాయని వారి అభిప్రాయం. కాంతి, కటకం, రసాయన చర్య అను మూడు పాఠాలు ఒకే పనిలో ప్రత్యక్షంగా బోధపడుతాయి కనుక విద్యార్థులకు ఇది మంచి ప్రయోగశాల వంటిది.

ఉపయోగించే పద్ధతి

కాంతి అంచనా: అనేక పాత కెమెరాలలో కాంతిమాపకం ఉండదు. అటువంటపుడు ఎండ-16 సూత్రం ఉపకరిస్తుంది. నిండు ఎండలో ఎపర్చరును ఎఫ్/16 వద్ద ఉంచి, షట్టర్ వేగాన్ని ఫిల్ము వేగానికి విలోమంగా పెట్టాలి. ఐఎస్ఓ 100 ఫిల్ముకు 1/125 సెకను, ఐఎస్ఓ 400 ఫిల్ముకు 1/500 సెకను సరిపోతుంది. పలుచని మబ్బు ఉంటే ఎఫ్/11, మబ్బు కమ్మితే ఎఫ్/8, ఆరుబయట నీడలో ఎఫ్/5.6 వాడాలి. నెగటివ్ ఫిల్ము కాంతి కొంత ఎక్కువైనా ఓర్చుకొంటుంది. తక్కువైతే నీడలలోని వివరాలు దక్కవు. కనుక సందేహం కలిగినపుడు కాంతిని కొంచెం ఎక్కువగానే ఇవ్వడం మేలు.

ముందస్తు నాభీకరణ: 35 మి.మీ. కటకాన్ని ఎఫ్/8 వద్ద ఉంచి 5 మీటర్లకు సరిచేస్తే సుమారు 2.5 మీటర్ల నుండి అనంతం వరకు దాదాపు అన్నీ స్పష్టంగా వస్తాయి. సంతలలో, తిరునాళ్ళలో మనుషుల సహజ భంగిమలను తీయడానికి ఈ పద్ధతి అనుకూలం.

ఫిల్ము కడగడం: నలుపు తెలుపు ఫిల్మును ఇంటివద్దనే కడగవచ్చు. కటిక చీకటిలో ఫిల్మును చక్రానికి చుట్టి, వెలుతురు చొరని తొట్టిలో ఉంచి మూత బిగించాలి. తరువాత డెవలపర్, స్టాప్ బాత్, ఫిక్సర్ ద్రావణాలను వరుసగా పోసి, చివర మంచినీటితో కడగాలి. డెవలపర్‌కు సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతను ప్రమాణంగా తీసుకొంటారు. తెలుగు ప్రాంతాలలో వేసవిలో కుళాయి నీరు 30 డిగ్రీలు దాటుతుంది కనుక, పాత్రను మంచునీటి పళ్ళెంలో ఉంచి చల్లబరచాలి. వాడిన ఫిక్సర్‌లో వెండి కరిగి ఉంటుంది. దానిని బావుల వద్ద, చెరువులలో పారబోయరాదు.

పాత కెమెరాను పరీక్షించడం

* దూరపు గోపురాన్ని గాని చంద్రుని గాని చూస్తూ కటకాన్ని అనంతం వద్దకు తిప్పినపుడు రెండు ప్రతిబింబాలు కలవాలి. ఒకటి పైన, ఒకటి క్రింద కనిపిస్తే సర్దుబాటు అవసరం.
* గుడ్డతో చేసిన షట్టర్ తెరలో సూదిబెజ్జాలు ఉన్నవేమో వెలుతురుకు పట్టి చూడాలి. మూత లేకుండా కటకాన్ని సూర్యునివైపు ఉంచితే ఈ తెర కాలిపోతుంది.
* కటకం లోపల బూజు లేకుండా చూసుకోవాలి. కోస్తా వంటి తేమ ప్రాంతాలలో తోలు సంచీలో మూసి ఉంచిన కటకాలకు బూజు త్వరగా పడుతుంది. సిలికా జెల్ ఉంచిన డబ్బాలో భద్రపరచడం మంచిది.
* 1960, 1970ల నాటి అనేక కెమెరాలు పాదరసపు బ్యాటరీల కోసం తయారైనవి. పర్యావరణ కారణాలతో వాటి తయారీ ఆగిపోయింది. ప్రత్యామ్నాయ బ్యాటరీ వోల్టేజి వేరుగా ఉంటే కాంతిమాపకం తప్పు చూపవచ్చు.

భవిష్యత్తు

ఫిల్ము ధర, కడిగే లాబొరేటరీల కొరత ఈ అభిరుచికి మొదటి అడ్డంకులు. విమానాశ్రయాలలో ప్రవేశపెడుతున్న సీటీ స్కానర్లు కడగని ఫిల్మును పాడుచేస్తాయి కనుక, ప్రయాణికులు చేతితో తనిఖీ చేయమని కోరవలసి ఉంటుంది. అన్నిటికంటె పెద్ద సమస్య మరమ్మతు. రేంజ్‌ఫైండర్ అమరికను వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచేయగల నిపుణులు వయసు మీరుతున్నారు. విడిభాగాలు పాడైన మరొక కెమెరా నుండి తీసుకోవలసిందే. ఈ పనితనం పుస్తకాల కంటె చేతుల ద్వారానే ఒక తరం నుండి మరొక తరానికి చేరుతుంది. అది ఆగిపోతే యాభై, అరవై సంవత్సరాలు పనిచేసిన యంత్రాలు కూడా అల్మారాలో బొమ్మలుగా మిగులుతాయి.

తీసిన చిత్రాల సంగతి వేరు. చక్కగా కడిగి, తేమ తగలకుండా దాచిన నలుపు తెలుపు నెగటివ్ దశాబ్దాల తరబడి చెడదు. దానిని చూడడానికి యంత్రం గాని సాఫ్ట్‌వేరు గాని అక్కరలేదు. వెలుతురుకు ఎదురుగా పట్టుకొంటే చాలు.

ఇవి కూడా చూడండి

* కెమెరా
* ఛాయాగ్రహణం
* కటకం
* లైకా
* హెన్రీ కార్టియర్ బ్రెస్సాన్