ముప్పది వేలు నాలుగు వేలైన కథ

1970లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం జనాభా లెక్కలు తీసినప్పుడు ఇంటి భాష తెలుగు అని వ్రాయించుకొన్నవారు 30,690 మంది. పదేండ్లు గడిచి 1980 లెక్కలు వచ్చేసరికి వారు 4,000 మంది. 1991లో 638 మంది. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూచినవారికి, నెటాలు తెలుగువారిని ఏదో మహమ్మారి ఊడ్చిపెట్టుకొని పోయిందేమో అనిపిస్తుంది. మహమ్మారీ రాలేదు, మనవాళ్లను ఎక్కించుకొని ఏ ఓడా వెనక్కు పోలేదు. మన ఇండ్లలో పెండ్లిండ్లు జరిగినవి, పిల్లలు పుట్టినారు, శ్రీరామనవమికి పానకం పంచుకొన్నాము. మనుషులు తరుగలేదు. మరి అంకె ఎందుకు తరిగింది? దీనికి జవాబు కావాలంటే మనలను మొట్టమొదట లెక్కపెట్టినది ఎవరు, ఎందుకు అన్నచోటికి వెళ్లవలసి ఉన్నది.

1860 నవంబరు 16వ తేదీన 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుండి వచ్చి డర్బను రేవు చేరింది. పది రోజులకు కలకత్తా నుండి 'బెల్విడియర్' వచ్చింది. అది మొదలు 1911లో ఈ వలసను ఆపివేసే వరకు 1,52,184 మంది గిర్మిటు మీద నెటాలుకు వచ్చినట్లు లెక్క. వారిలో రమారమి మూడింట రెండు వంతులు మద్రాసులో ఓడ ఎక్కినవారే. విశాఖపట్నం, గంజాం, గోదావరి, కృష్ణా, నెల్లూరు, ఉత్తరార్కాటు జిల్లాల వారు ఆ రేవు నుండే బయలుదేరినారు.

ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చినారు. ఆ నంబరు ఎదుట పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఎత్తు, శరీరం మీది పుట్టుమచ్చలు, గాయపు మచ్చలు వ్రాసుకొన్నారు. ఎడమ మోచేతి మీది మచ్చ వరకు వ్రాసుకొన్న గుమాస్తా ఆ మనిషి ఏ భాష మాట్లాడుతాడో వ్రాసుకోలేదు. ఆ పుస్తకాలలో భాషకు గడి లేదు. పారిపోతే పట్టుకోవడానికి మచ్చ పనికివస్తుంది కాని తెలుగు ఏ పనికివస్తుంది? మన మొదటి గణాంకశాస్త్రం ఇదే: తోట యజమాని చేతికి అప్పగించిన సరుకు పట్టీ.

అందుచేత తొలి రోజులలో వచ్చిన తెలుగువారు ఎందరో ఆ పుస్తకాలు చూచి నిక్కచ్చిగా తేల్చడం సాధ్యం కాదు. 1860 నుండి 1902 వరకు గల జాబితాలలోని 95,382 మందిని ఆచార్య సురేంద్ర భానా పరిశీలించి 1991లో ఒక గ్రంథం వెలువరించినారు. జిల్లాల వారీ వివరాలు అందులో దొరుకుతవి. అయితే జిల్లా తెలిసినంత మాత్రాన భాష తెలియదు. ఆనాటి ఉత్తరార్కాటు జిల్లాలో చిత్తూరు, చంద్రగిరి ఉండేవి, వేలూరు, ఆర్కాడు కూడ ఉండేవి. చిత్తూరు వేరే జిల్లా అయినది 1911లో, అంటే మన వలస ముగిసిన సంవత్సరంలోనే. కులమును బట్టి చూతమా అంటే అదీ సగం సహాయమే. గవర, వెలమ, కాపు అని ఉంటే సందేహం లేదు. నాయుడు అని ఉంటే మాత్రం ఆగవలసిందే. అరవ దేశంలో తరతరాలుగా స్థిరపడిన నాయుళ్లూ ఆ ఓడలలో వచ్చినారు. ఈనాటికీ డర్బనులో నాయుడు అన్న పేరు విని తెలుగులో పలుకరించి, ఎదుటివారు నవ్వి ఊరుకొంటే నాలుక కరుచుకొన్న అనుభవం మనలో చాలమందికి ఉన్నది.

పుస్తకాలలో మన భాష లేదు గాని మన చాకిరీ వెల ఉన్నది. మొదటి సంవత్సరం నెలకు పది షిల్లింగులు, ఏటా ఒక్క షిల్లింగు పెంపు, అయిదవ ఏట పద్నాలుగు. నూరుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలు ఉండవలెనని నియమం. ఏజంట్లు ఆ లెక్క పూర్తి చేయడానికి పడిన తంటాలు వేరే వ్యాసానికి సరిపోతవి. గడువు తీరిన తరువాత మళ్లీ గిర్మిటు కట్టక, ఇండియాకు పోక ఇక్కడే ఉండదలచినవారి మీద 1895లో ఏటా మూడు పౌనుల పన్ను చట్టం తెచ్చినారు. మూడు పౌనులంటే అరువది షిల్లింగులు: క్రొత్తగా వచ్చిన కూలీకి ఆరు నెలల జీతం. 1903లో ఆ పన్నును పదహారేండ్లు నిండిన మగపిల్లలకు, పదమూడేండ్లు నిండిన ఆడపిల్లలకు కూడ అంటగట్టినారు. 1913 సమ్మెలో గనులు, చెరకు తోటలు స్తంభించిన తరువాత గాని, 1914లో గాని అది రద్దు కాలేదు.

ఇంతలో 1904 జనాభా లెక్కలు వచ్చినవి. నెటాలులో భారతీయులు 1,00,918 మంది, తెల్లవారు 97,109 మంది. ఈ దేశపు అసలు హక్కుదారులైన ఆఫ్రికనులు ఈ ఇరువురినీ కలిపినదానికి నాలుగు రెట్లకు పైగా ఉన్నారు. ఆ అంకె పాలకులకు పాత సంగతే. భారతీయుల అంకె తమ అంకెను నాలుగు వేలతో దాటిపోవడం మాత్రం వారికి మింగుడు పడలేదు. అప్పటికే 1896లో ఓటు హక్కు తీసివేసినారు, 1897లో వలసల మీద ఆంక్షలు పెట్టినారు. తరువాత 1927లో కేప్ టౌన్ ఒప్పందం ప్రకారం ఇండియాకు తిరిగిపోయే పెద్దవారికి తలకు ఇరువది పౌనులు ఇస్తామన్నారు. మనలను లెక్కపెట్టేది మన బాగోగులు కనుక్కోవడానికి కాదు, ఎందరిని పంపివేయవచ్చో చూచుకోవడానికి అని మన పెద్దలకు నాటుకొన్నది. ఎన్యూమరేటరు తలుపు తట్టితే మన అవ్వలు పిల్లలను వెనుకకు పంపివేసి, అడిగినదానికి ముక్తసరిగా జవాబు చెప్పడంలో ఆశ్చర్యం లేదు. భారతీయులు ఈ దేశపు శాశ్వత నివాసులని ప్రభుత్వం ఒప్పుకొన్నది 1961లో. అంటే 'ట్రూరో' వచ్చిన నూట ఒకటవ ఏట.

ఇక భాష లెక్కలు. 1951లో తెలుగు 30,210, తమిళం 1,20,181, హిందీ 89,145, గుజరాతీ 39,495. 1960లో మనం 34,483 అయినాము. మనకు దొరికిన పెద్ద అంకె అదే. 1970లో 30,690. ఆ పదేండ్లలో భారతీయుల మొత్తం సంఖ్య బాగా పెరిగింది గనుక, నాలుగు వేలు తగ్గడం పైకి కనిపించే దానికంటే పెద్ద తగ్గుదల. ఆ తరువాతి 1980 అంకె మీద మాకు ఒక అనుమానం ఉన్నది. ఆ యేటి అంకెలన్నీ సున్నతో ముగుస్తవి: తెలుగు 4,000, తమిళం 24,720, హిందీ 25,900, గుజరాతీ 25,120. ఒక్కొక్కరినీ కూడి తేల్చిన మొత్తాలుగా అవి తోచవు. అంచనా అయినా సరే, దిశ మారదు. 1970లో ఒకటిన్నర లక్షకు పైగా ఉన్న తమిళం ఆరవ వంతుకు పడిపోయింది. మనం ఎనిమిదవ వంతుకు చేరువైనాము.

గుజరాతీ మాత్రం 46,039 నుండి 25,120కి వచ్చి ఆగింది. సగానికి పైగా నిలిచింది. ఇందులో పాఠం ఉన్నదని మా ఉద్దేశం. గుజరాతీలలో చాలమంది తమ టిక్కెట్టు తాము కొనుక్కొని వచ్చిన వర్తకులు. వారికి ఊరితో ఉత్తరాలు నడిచినవి, సంబంధాలు అక్కడి నుండి వచ్చినవి, దుకాణం లెక్క సొంత భాషలో వ్రాసుకొన్నారు. మనకు దుకాణం లేదు, ఊరికి పోవడానికి డబ్బు లేదు. చెరకు తోటలో, రైల్వేలో, మునిసిపాలిటీలో పనికి కావలసిన మాట ఇంగ్లీషో ఫనగలోనో. తమిళుల పక్కన బ్రతికి తమిళం నేర్చినవారూ ఉన్నారు. డర్బను మేగజీన్ బారక్సులో ఒకే వరుసలో, ఒకే కుళాయి దగ్గర బ్రతికిన కుటుంబాలను గ్రూప్ ఏరియాస్ చట్టం కింద చాట్స్‌వర్త్‌కు తరలించినప్పుడు, ఇరుగు పొరుగు చెదిరింది. సాయంత్రం గుడి మెట్ల మీద పద్యం చెప్పే ముసలాయన ఒక యూనిట్‌కు, వినే పిల్లలు ఇంకొక యూనిట్‌కు పోయినారు. 1931లో పెట్టుకొన్న ఆంధ్ర మహాసభ బడులు, ఐస్టెడ్‌ఫడ్ పోటీలు జరిపి పట్టుకొన్నంత పట్టుకొన్నది.

అయితే ఒక నిజం ఒప్పుకోవాలి. 1951లో ముప్పది వేలమంది ఇంటి మాట అంతా తెలుగే అని మేము అనుకోము. తెలుగు 'మన భాష' గనుక తెలుగు అని చెప్పినవారు అందులో ఉన్నారు. 1980 నాటికి ఆ మొగమాటం పోయింది. భోజనాల బల్ల దగ్గర పిల్లలతో ఏ భాష మాట్లాడుతున్నామో ఆ భాషే చెప్పినాము. భాష పోయినది ఆ పదేండ్లలో కాదు. పోయిన సంగతి మనం నోరు విప్పి చెప్పినది ఆ పదేండ్లలో. కాగితం మీద 'ఇంగ్లీషు' అని వ్రాయించినది మన చేయే.

1996లో రెండు పనులు ఒకే సంవత్సరం జరిగినవి. ఆమోదం పొందిన క్రొత్త రాజ్యాంగం ఆరవ విభాగంలో, గౌరవించి పెంపొందించవలసిన భాషలలో ఒకటిగా తెలుగును పేరు పెట్టి చెప్పింది. అదే యేడు తీసిన జనాభా లెక్కల ప్రధాన పట్టికలలో పదకొండు అధికార భాషలు వరుసగా ఉండి, చివర 'ఇతరములు' అని ఒక గడి ఉన్నది. మనం ఆ గడిలో ఉన్నాము. 638 అన్న అంకె అయినా మనదని వ్రేలు పెట్టి చూపగలిగినాము. 'ఇతరములు'లో ఆ వీలు లేదు.

మళ్లీ ఆ ఓడ పుస్తకాల దగ్గరికే వస్తున్నాము. మీ ఇంటి పెట్టెలో పాత గిర్మిటు కాగితమో, విడుదల పత్రమో ఉంటే దాని మీద నంబరు ఉంటుంది. నంబరు దొరికితే ఓడ, ఊరు, తాలూకా దొరుకుతవి. ఊరి పేరు ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినబడినట్లు వ్రాసి ఉంటుంది గనుక బిగ్గరగా చదివి చూడండి. కంటికి చిక్కని పేరు చెవికి చిక్కుతుంది. విశాఖపట్నం జిల్లా అని ఉన్నంత మాత్రాన ఈనాటి విశాఖలోనే వెదుకవద్దు. ఆనాటి జిల్లా నుండి శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో, అనకాపల్లి 2022లో వేరుపడినవి. కాగితం చిరిగిపోతున్నా అతికించవద్దు, మడత విప్పి చదునుగా పెట్టి ముందు నంబరు వేరే చోట వ్రాసి ఉంచుకోండి.