కొండ లేని ఊరు

మా పామర్రు చుట్టుపక్కల ఎంత దూరం చూసినా కొండన్నది కనిపించదు. వరిచేలు, కాలవ గట్లు, తాడిచెట్లు, అంతే. ఎత్తంటే మాకు గుడి గోపురమూ, కోతలయ్యాక వేసే గడ్డివామూను. బస్సు ఉయ్యూరు, కంకిపాడు దాటి బెజవాడ చేరాక ఇంద్రకీలాద్రి కనిపిస్తే చాలు, మా అమ్మమ్మ కూర్చున్నచోటినుంచే చేతులు జోడించేది. కేదారం చూడాలని ఆవిడకి మహా కోరిక. చూడలేదు. మొదట పిల్లలు, తర్వాత పాడి, ఆ తర్వాత మోకాళ్ల నొప్పులు.

అందుకేనేమో, నవల కోసం పాత పుస్తకాలు వెతుక్కుంటూ ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వెళ్లిన నేను, వెళ్లిన పని మరిచిపోయి కొండల పుస్తకాల దగ్గర ఆగిపోయాను. అక్కడో తమాషా ఉంది. 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ అచ్చువేసిన పద్ధతి ప్రకారం పుస్తకాలు సర్దితే, భూగోళమూ యాత్రలూ 910లో ఉంటాయి. పర్వతారోహణ మాత్రం 796లో, అంటే క్రికెట్టూ ఫుట్‌బాలూ ఉన్న చోట! అమ్మమ్మ వింటే, "కొండెక్కడం ఆటటే?" అని ముక్కున వేలేసుకునేది.

ఆ రెండు బీరువాల మధ్యా తిరుగుతూ చదువుకున్న కథ ఇది.

1802లో లాంబ్టన్ అనే దొర మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర చదునైన నేల మీద ఏడున్నర మైళ్ల గీతని గొలుసుతో కొలిచాడు. దాని మీద త్రిభుజాలు అల్లుకుంటూ పోయి దేశాన్ని కొలవడం ఆయన సంకల్పం. ఒక భుజమూ, కోణాలూ తెలిస్తే మిగతా భుజాలు తెలుస్తాయని మనం హైస్కూల్లో చదువుకున్నదే. కోణాలు చూడాలంటే ఎత్తు కావాలి. తంజావూరు సీమ మన సీమలాగే పళ్లెంలా ఉంటుంది. ఏం చేయాలి? అర టన్ను బరువున్న థియోడొలైటుని పెద్ద గుడి గోపురం మీదికి లాగించాడు. 1808లో తాడు తెగి, అది గోడకి కొట్టుకుని సొట్టలు పడింది. పాపం, వారాల తరబడి కూర్చుని తనే బాగుచేసుకున్నాడు.

ఆయన దగ్గర 1818లో హైదరాబాదులో చేరిన సహాయకుడే జార్జి ఎవరెస్టు. మరుసటి ఏడు కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ మన్యపు జ్వరంతో మంచాన పడ్డాడు. కోలుకోడానికి 1820లో ఆఫ్రికా దక్షిణపు కొసకి పోవలసి వచ్చింది. బెంగాలీ గణికుడు రాధానాథ్ సిక్దార్ లెక్కకట్టిన శిఖరం ఎత్తు 29,002 అడుగులని 1856లో ప్రకటించారు. దానికి ఎవరెస్టు పేరు 1865లో స్థిరపడింది. తన పేరు హిందూస్థానం వాళ్ల నోట పలకదని ఆయనే అభ్యంతరం చెప్పాడట! మన ఏళ్ల మధ్య జ్వరపడ్డ మనిషి పేరు అంత ఎత్తుకి వెళ్లింది సరే, ఆ పెట్టెలు మోసినవాళ్ల పేర్లు, అడవి నరికి దారి చేసినవాళ్ల పేర్లు ఏ అట్ట మీదా కనిపించలేదు.

అలవాటుకొద్దీ ఆడవాళ్ల పేర్ల కోసమూ చూశాను. ఎవరెస్టు మీద ఆడమనిషి అడుగు పెట్టడానికి 1975 దాకా పట్టింది. ఆవిడ జపాను దేశస్థురాలు జుంకో తబేయి. మన దేశం నుంచి 1984లో బచేంద్రీ పాల్. ఆ తర్వాత 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ. పదమూడేళ్ల పదకొండు నెలల వయసు, కూలీనాలీ చేసుకునే తల్లిదండ్రులు. మొదటి పాఠాలు భువనగిరి గుట్ట మీద. ఆ పిల్లని ఆ వయసులో కొండకి పంపిన తల్లి గుండె ఎంతటిదో, ఏ థియోడొలైటు కొలవగలదు చెప్పండి?

చీకటి పడుతోందని గ్రంథాలయం మూసేస్తుంటే లేచాను. బస్సులో ఇంటికొస్తూ ఒకటి తట్టింది. ఏ కొండ ఎత్తయినా లెక్కపెట్టేది సముద్ర మట్టం నుంచే కదా! మా బందరు సముద్రం పక్కన, మా పొలాలంత చదునులో నిలబడితేనే ఆ లెక్క మొదలవుతుంది. కొండ లేని ఊరని ఇన్నాళ్లూ చిన్నబుచ్చుకున్నాను. మొదటి మెట్టు మా గుమ్మంలోనే ఉందని తెలియలేదు.

అమ్మమ్మ లేదు. మోకాళ్లు నాకింకా నొప్పి పెట్టడం లేదు. ఈ వేసవికి కేదారం టిక్కెట్ల సంగతి కనుక్కోమని ఇంట్లో చెప్పాను.