పద్దులో దాగిన ఆట



ఇంటి ఖర్చుల పద్దు రాసుకునే అలవాటు మనలో చాలామందికి వుంది. ఎవరి కంటా పడకూడదనుకునే ఖర్చు ఒకటో రెండో అందులో వుండటమూ కద్దు. అలా దాచిన పద్దు ఒకటి అమెరికాలో మ్యూజియం కెక్కి కూర్చుంది!

అమెరికావాళ్లు ఫుట్‌బాల్ అనేది మనకు తెలిసిన ఆట కాదు. కోడిగుడ్డులా కోలగా వుండే బంతిని చంకలో ఇరికించుకుని, అడ్డొచ్చినవాళ్లని తోసుకుంటూ పరుగెత్తాలి. కాలితో తన్నేది తక్కువ. మొదట్లో అది కాలేజీ కుర్రాళ్లు పరువు కోసం ఆడే ఆట. డబ్బు పుచ్చుకుని ఆడటమంటే తలవంపులు. 1892 నవంబరు 12న పిట్స్‌బర్గ్‌లో రెండు క్లబ్బులు తలపడ్డాయి. అలెఘెనీ క్లబ్బువారు హెఫెల్‌ఫింగర్ అనే పేరుమోసిన ఆటగాణ్ణి పిలిపించుకున్నారు. ఆ రోజు వచ్చిన నాలుగు పాయింట్లూ అతను తెచ్చినవే. అందుకు ముట్టింది 500 డాలర్లు! అనుమానాలు ఎన్ని వచ్చినా, కొన్ని దశాబ్దాల తర్వాత క్లబ్బు లెక్కల కాగితం దొరికేదాకా సంగతి రుజువు కాలేదు.

ఈ తలవంపులు ఒక మనిషిని ఎంత బాధపెట్టాయో చూడండి. జిమ్ థోర్ప్ అమెరికా ఆదివాసి. 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచాడు. అంతకుముందు ఎప్పుడో బేస్‌బాల్ ఆడి కాస్త డబ్బు తీసుకున్నాడని తెలిసి, 1913లో ఆ పతకాలు లాగేసుకున్నారు. అది తప్పని తెలియదు బాబూ అని ఉత్తరం రాసుకున్నా వినలేదు.

అలాంటివాణ్ణే ఏడేళ్లకు పిలిచి పెద్దపీట వేశారు. 1920 సెప్టెంబరు 17న ఒహాయో రాష్ట్రంలోని క్యాంటన్ వూళ్లో, డబ్బుకు ఆడే జట్లవాళ్లు సంఘం పెట్టుకోవడానికి ఓ మోటారు కార్ల దుకాణంలో చేరారు. అందరికీ కుర్చీలు లేక కొందరు కార్ల ఫుట్‌బోర్డుల మీదే కూచున్నారట! థోర్ప్‌ని అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. పేరున్నవాడు ముందుంటే పత్రికలు నాలుగు ముక్కలు రాస్తాయి కదా. 1922లో ఆ సంఘమే నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అయింది.

అయినా చిన్నచూపు పోలేదు. రెడ్ గ్రేంజ్ అని ఒక కుర్రాడు, వేసవుల్లో ఇంటింటికీ ఐసు దిమ్మలు మోసి చదువుకున్నవాడు, కాలేజీ ఆటలో దేశమంతా మోగిపోయాడు. డబ్బుకు ఆడతానంటే అతని కోచి జప్కీ మండిపడ్డాడు. ఆట నేర్పినందుకు మీరు జీతం తీసుకోవడం లేదా, ఆడినందుకు నేను తీసుకుంటే తప్పేమిటని అడిగానని గ్రేంజ్ తర్వాత చెప్పుకున్నాడు. నాకైతే ఆ ప్రశ్నలో తప్పేమీ కనిపించదు. కాలేజీ చివరి ఆట అయిన ఐదో రోజునే, 1925 నవంబరు 26న, చికాగో బేర్స్ తరఫున దిగాడు. చూడ్డానికి 36,000 మంది వచ్చారు. డిసెంబరులో న్యూయార్క్‌లో ఆడితే 65,000 పైమాటే. నష్టాల్లో మునిగిన అక్కడి జట్టు యజమాని టిమ్ మారా ఆ ఒక్క రోజుతో గట్టెక్కాడు.

థోర్ప్ 1953లో పోయాడు. పతకాలు తిరిగివ్వాలని ఒలింపిక్ సంఘం 1982లో నిర్ణయించింది, మరుసటేడు అతని పిల్లల చేతికిచ్చారు. అసలు పతకాలు అప్పటికే ఎక్కడో పోయాయి. ఇచ్చినవి నకళ్లు.