హజ్జాం తోలుపట్టీ

మనలో పెద్దవారు హజ్జాం దుకాణంలో గోడకు వేలాడే తోలుపట్టీని ఎరుగుదురు. గడ్డానికి సబ్బు రాసి, హజ్జాం మంగలికత్తిని ఆ పట్టీమీద టపటపా అటూ ఇటూ తిప్పేవాడు. పిల్లలం మేము గుడ్లప్పగించి చూసేవాళ్ళం.

అది సానపట్టడం కాదు. సానరాయి ఉక్కును అరగదీసి అంచు తెస్తుంది. వాడుతుంటే ఆ అంచు కంటికి కనిపించనంతగా వంగుతుంది. దాన్ని సరిచేసేది తోలు. కత్తి వీపు ముందుండేలా లాగాలి, చివర వీపుమీదనే మళ్ళించాలి. అంచు ముందుకు పోయిందా, తోలు తెగినట్లే! గుర్రపు తోలు దీనికి మేలని పేరు.

ఇంత చిన్న వస్తువుకూ చరిత్ర ఉన్నది. లండనులో జార్జి ప్యాక్‌వుడ్ అనే వ్యాపారి 1790లలో తన పట్టీల కోసం పాటలు, పొడుపుకథలు కట్టించి పత్రికల్లో ప్రకటనలిచ్చాడు. 1796లో వాటినే పుస్తకంగా వేశాడు. తరువాత బ్లేడు వచ్చింది. 1903లో అమెరికాలో జిల్లెట్ కంపెనీ అమ్మినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడు రేజర్లే 90 వేలు! మొద్దుబారితే పారేసేదానికి తోలెందుకు?

మన దుకాణాల్లో మాత్రం పట్టీ చాలాకాలం నిలిచింది. 1986లో మద్రాసులో హెచ్.ఐ.వి. తొలిసారి బయటపడిన తరువాత, ఒకే కత్తి పదిమందికి వాడరాదన్న మాట క్రమంగా ఊరూరా పాకి, మనిషికొక బ్లేడు వచ్చింది. మంచిదే, కాదనము. కాని పట్టీమీద చేయి కుదరడానికి ఏళ్ళు పట్టిన ఉస్తాదులకు ఆ నేర్పుతో పని లేకుండా పోయింది. బ్లేడు ఖర్చు కూడా వారి నెత్తినే పడింది.